కొత్త ఆసుపత్రి గడపలు

మా అక్క నీళ్ళు తాగే గ్లాసు చాలా చిన్నది. పెళ్ళిళ్ళలో పాయసం పోసే రకం స్టీలు గ్లాసు. రోజుకు అలాంటివి ఐదు తాగవచ్చని కర్నూలు ఆసుపత్రిలో చెప్పారు. మాత్రలు మింగే నీళ్ళు, టీ, మజ్జిగ, చారు, అన్నీ ఆ ఐదింటిలోకే రావాలి. రెండు కిడ్నీలూ చెడిపోయినవాళ్ళకు తాగిన నీళ్ళు ఒంట్లోనే నిలిచిపోతాయి. డయాలసిస్ మిషన్ మీద పడుకుని తీయించుకుంటే తప్ప పోవు. మా వైపు ఎండాకాలంలో నాలుక పిడచగట్టుకుపోయే వేళకు ఆమె ఒక నిమ్మబద్ద నోట్లో పెట్టుకుని కూర్చునేది. "నీళ్ళు లేని సీమలో పుడితిని, నీళ్ళు తాగకూడని రోగం వచ్చె. రెండూ సరిపాయె పో," అని నవ్వేది.

బావ పోయిన తర్వాత అక్క మా ఇంట్లోనే ఉంటోంది. అంతకు ముందు ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండేది. రోగం ముదిరాక ఆ పని మానేసింది. సోమ, బుధ, శుక్రవారాల్లో కర్నూలుకు తీసుకుపోవాలి. తెల్లవారేలోగా ఆటోలో రోడ్డుకు, అక్కడి నుంచి బస్సులో కర్నూలుకు, మళ్ళీ ఆటోలో ఆసుపత్రికి. మిషన్ మీద నాలుగు గంటలు. అక్కడివాళ్ళు బాగానే చూస్తారు. అవస్థంతా తిరుగు ప్రయాణంలోనే. మిషన్ దిగిన మనిషికి కళ్ళు తిరుగుతాయి, కాళ్ళు పట్టేస్తాయి. బస్సు కిటికీ కమ్మీకి తల ఆనించి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చునేది. ఒకసారి నేను, ఒకసారి నా భార్య వెంట పోయేవాళ్ళం.

నా పని నాపరాళ్ళ పాలిష్ యార్డులో. పదో తరగతితో నా చదువు ఆగిపోయింది. లారీకి ఎత్తే బండలు ఎన్ని చదరపు అడుగులు, ఒక ఇంటికి ఎన్ని పడతాయి, మూలల్లో కోత ఎంత పోతుంది, ఇవి చెప్పడం నా బతుకుతెరువు. ఎవరూ నేర్పలేదు. చూస్తూ చూస్తూ వచ్చింది. ఏ గదిలో అడుగుపెట్టినా ముందు నేల పొడవూ వెడల్పూ తలలోకి వచ్చేస్తాయి, ఆ తర్వాతే అందులో ఉన్న మనుషులు కనబడతారు. మా అక్క దీన్ని ఎగతాళి చేసేది. "పెండ్లిచూపుల్లో కూడా పిల్లను సూడలే వీడు, వాళ్ళ హాలు సూసినాడు," అని నా భార్య ముందే అనేది.

పోయిన ఏడాది మా మండలంలోని ఆసుపత్రి ముందు ఒక బోర్డు నిలబెట్టారు. ప్రభుత్వ నిధులతో కొత్త బ్లాకు కడతారని, అందులో డయాలసిస్ గది, నీటిని శుద్ధి చేసే యంత్రం, రోగుల వెంట వచ్చేవాళ్ళకు ఒక షెడ్డు ఉంటాయని దాని మీద రాసి ఉంది. నేను ఆ బోర్డును కింది గీత దాకా చదివాను. టీ కొట్టు దగ్గర ఉన్నవాళ్ళు నన్ను చూసి నవ్వారు.

"ఏమప్పా, అంత సదువుతాండావు? దాంట్లో నీ పేరుండాదా?"

"లేదన్నా. డయాలసిస్ గది అని ఉండాది."

"ఇంతకు ముందు గూడా ఒక బోర్డు పెట్టింటిరి. మా ఎనుము వీపు రుద్దుకునేకి బాగా పనికొచ్చె," అన్నాడు ఒకాయన.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఇంటికి పోయి అక్కకు బోర్డు సంగతి చెప్పాను. ఆమె చేతిలోని నిమ్మబద్దను పక్కన పెట్టి, అప్పుడు అంది.

"ఉగాది దాకా కర్నూలుకు వస్తా. ఆ పొద్దుకు మన ఆసుపత్రి సిద్ధమైతే సరి. కాకుంటే నన్ను ఇంగ యాడికీ పిలుచుకపోవద్దు. ఇంట్లోనే ఉంటా."

"మిషన్ మానేస్తే ఏమయితాదో డాక్టరు చెప్పినాడు కదక్కా."

"చెప్పినాడు. నేనూ ఇన్నాలే. ఆ బస్సు నా పాణం తీస్తాండాది రా. దినాం సగం సచ్చి సగం బతికేదానికంటే అదే మేలు. నీ పని గూడా పోతాండాది."

మా అక్క ఒక మాట అంటే దాని మీద నిలబడే మనిషి. అందుకే నాకు భయం పట్టుకుంది. ఆ రోజు నుంచి ఉగాది నాకు పండుగలా కాక గడువులా కనిపించడం మొదలుపెట్టింది.

ఆ బోర్డు ఎనుముల పాలు కాలేదు. పునాదులు తీశారు, గోడలు లేచాయి. ప్రభుత్వం డబ్బు అనేది నాకు ఎప్పుడూ వార్తల్లో వినే మాటే. కోట్లు అంటే నా తలకు ఎక్కవు. బండలు అయితే ఎక్కుతాయి. వరండాకూ, నడవాకూ నాపరాళ్ళు మా యార్డు నుంచే పోయాయి. వాటి కొలతలకు నేనే పోయాను. వార్తల్లో విన్న డబ్బు నా కళ్ళ ముందు ఇన్ని చదరపు అడుగుల నేలగా, ఇంత పొడవు గొట్టంగా, ఇన్ని కిటికీలుగా మారుతుంటే చూడటం నాకు కొత్త. పని ఉన్నా లేకపోయినా అటు పోయి గోడ ఎంత లేచిందో చూసి వచ్చి అక్కకు చెప్పేవాడిని. "కిటికీల దాకా వచ్చింది." "స్లాబు పడింది." ఆమె ఊఁ కొట్టేది.

అక్కడ తాపీ మేస్త్రి డోన్ దగ్గరి పల్లె మనిషి. నా కంటే పదేళ్ళు పెద్ద. మా చుట్టుపక్కల సగం ఇళ్ళు ఆయన చేతి మీద లేచినవే. మాటలు తక్కువ, చేతిలో పని మాత్రం నిండుగా ఉంటుంది. నడవాలో బండలు పరిచే రోజుల్లో ఒకసారి నన్ను పక్కకు పిలిచాడు.

"మీ యార్డులో మంచి నల్ల బండ ఉంటే సెప్పప్పా. మూడంగుళాల దళసరి. ఐదు తునకలు కావల్ల. దుడ్లు నేనిస్తా."

"ఎందుకన్నా?"

"గడపలకు. ఇంజనీరమ్మ ప్లానులో వాకిండ్లకు గడపలు ఎయ్యలే. మర్సిపోయినట్టుండారు. గడప లేకుంటే అది వాకిలెట్లయితాది? తేళ్ళు గూడా లోపలికి వస్తాయి. నా మనవరాలు ఈ ఆసుపత్రిలోనే పుట్టింది. దీనికి దుడ్లిచ్చేంత వాణ్ణి కాదు, గడపలిస్తా."

ఇంజనీరమ్మకు నాలుగైదు చోట్ల పనులు ఉండేవి. అందుకే కొన్ని వారాలకు ఒకసారి వచ్చేది. ఈలోగా మేస్త్రి తన తీరిక వేళల్లో ఐదు బండలకూ అంచులు గుండ్రంగా చెక్కి, ఒక్కోదాని మీద రెండు వైపులా చిన్న పద్మం తీశాడు. ముందు వాకిలికి ఒకటి, నడవా మొదట్లో ఒకటి, డయాలసిస్ గదికి ఒకటి, నీటి యంత్రం గదికి, సామాన్ల గదికి ఒక్కోటి. ఒక మంచి రోజు చూసుకుని కింద నవధాన్యాలు, రాగి నాణెం పెట్టి వాటిని నిలబెట్టాడు. ఆ తర్వాత వచ్చిన శుక్రవారం ఆయన భార్య వచ్చి పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టింది. కూలీలందరికీ బొరుగులు, బెల్లం పంచారు. మేము ఆ రోజు కర్నూలులో ఉన్నాం. మరునాడు పోయి చూస్తే కొత్త గోడల మధ్య ఆ నల్లని గడపలు, వాటి మీద పచ్చని పసుపు, చాలా బాగున్నాయి. కాంట్రాక్టరు మెచ్చుకున్నాడు. ఆసుపత్రి హెడ్ నర్సమ్మ ముందు గడపకు దండం పెట్టి లోపలికి పోయింది. తప్పు ఉందని ఎవరికీ తోచలేదు. మేమంతా నడక నేర్చిన నాటి నుంచి గడపలు దాటుతున్నవాళ్ళం. అది ఉన్నట్టు మా కాళ్ళకు తెలియనే తెలియదు.

మార్చి నెల మొదలయ్యాక ఇంజనీరమ్మ వచ్చింది. బద్వేలు అమ్మాయి, ముప్పై దాటి ఉండవు. ముందు వాకిలి దగ్గరే ఆగిపోయింది.

"ఇవేంది మేస్త్రీ?"

"గడపలు మేడం."

"గడపలని కనపడ్తానే ఉండాయి. ఎవరు పెట్టమన్నారు?"

"ఎవరూ పెట్టమనలే. మీరు మర్సిపోయినారు అనుకున్యా."

ఆమె హెడ్ నర్సమ్మను పిలిచి, పాత ఆసుపత్రి నుంచి రోగులను తోసే ట్రాలీ ఒకటి తెప్పించింది. మనిషికి బదులు దాని మీద ఒక సిమెంటు మూట పెట్టించింది. నర్సమ్మ ట్రాలీని మామూలు వేగంతోనే తోసుకుంటూ వచ్చింది. ముందు చక్రాలు గడపకు తగిలి టక్కున ఆగాయి. మూట మాత్రం ఆగలేదు. ముందుకు జారి, గడప మీద పడి పగిలింది. పసుపు కుంకుమల మీద సిమెంటు దుమ్ము కమ్ముకుంది.

"మూట కాబట్టి సరిపోయింది," అంది ఇంజనీరమ్మ.

మేస్త్రి భుజం మీది తువ్వాలు తీసి, వంగి, గడపను తుడవడం మొదలుపెట్టాడు.

ఆమె ఆయన పక్కనే కూర్చుని మెల్లగా చెప్పింది. "చూడు మేస్త్రీ. నువ్వు మంచి మనసుతోనే పెట్టినావు. నీళ్ళ గది, సామాన్ల గది గడపలు ఉంటే ఉండనీ, ఆడికి చక్రాలు పోవు. ఈ మూడూ మాత్రం తియ్యాల. ఈ నెలాఖరులోపల బ్లాకు పూర్తయిందని నేను రాసియ్యాల. అప్పుడే మిషన్లకు పెట్టిన డబ్బు కదులుతాది. రాసియ్యకుంటే ఆ డబ్బు వెనక్కి పోతాది. మళ్ళా ఎప్పుడు వస్తాదో నాకూ తెలీదు."

మేస్త్రి తుడవడం ఆపలేదు. "పసుపు పెట్టిన గడప మీద సుత్తి ఎయ్యను మేడం. నా కూలి కోసుకుంటే కోసుకోండి."

"అంచనాలో గడపలకు లెక్కే లేదు. పెట్టినందుకూ కూలి లేదు, తీసినందుకూ లేదు. ఏం కోసుకునేది నేను?"

ఆయన కూలీలు కూడా పలుగులు గోడకు ఆనించి నిలబడ్డారు. ఆమె కోపపడలేదు. లోపలికి పోతూ ఆ గడపనే కుడికాలు ముందు పెట్టి, దాని మీద తొక్కకుండా జాగ్రత్తగా దాటింది. అది నేను చూశాను. మేస్త్రి కూడా చూశాడు.

గడపకు రెండు వైపులా సిమెంటుతో వాలు కడితే ఎట్లా ఉంటుందని నేను సుద్దముక్కతో నేల మీద గీసి చూశాను. మూడంగుళాల ఎత్తు. అంగుళానికి ఒక అడుగు చొప్పున అటు మూడడుగులు, ఇటు మూడడుగులు వాలు కావాలి. డయాలసిస్ గది ముందు నడవా వెడల్పే ఆరడుగులు. సరిగ్గా ట్రాలీని మలుపు తిప్పాల్సిన చోట నేల ఏటవాలుగా ఉంటుంది. ఇంజనీరమ్మ నా గీతలు చూసి తన ఫోనులోని లెక్క చూపించింది. ఆమె నా కంటే ముందే అదే వేసుకుంది. "కుదరదన్నా," అంది. నేను ఆ సుద్దగీతలను కాలితో చెరిపేశాను.

కాంట్రాక్టరు డోన్ నుంచి వేరే మనుషులను పిలిపించాడు. వాళ్ళు వచ్చి పసుపు చూసి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని, టీ తాగి, బాగుందని చెప్పి వెళ్ళిపోయారు. అట్లా మార్చిలో సగం గడిచింది.

ఈ సంగతి అక్కకు చెప్పకుండా దాచాను. గోడలు, స్లాబు అని రోజూ చెప్పేవాణ్ణి ఒక్కసారిగా మాట్లాడకపోతే ఆమెకు తెలియకుండా ఉంటుందా. ఒక బుధవారం కర్నూలు నుంచి వచ్చి మంచం మీద వాలి, కళ్ళు మూసుకునే అడిగింది.

"ఆసుపత్రి పని ఆగిపోయిందా ఏమిరా?"

చెప్పాను. గడపలు, సిమెంటు మూట, టీ తాగి పోయిన మనుషులు, అంతా. మూట పడిన చోటుకు వచ్చేసరికి ఆమె నవ్వింది. అట్లా పొట్ట పట్టుకుని నవ్వడం కొన్ని వారాల్లో అదే మొదటిసారి. నవ్వు ఆగాక పైకప్పు వైపు చూస్తూ అడిగింది.

"ఉగాదికి ఎన్నాళ్ళుండాది?"

"దగ్గరికొచ్చిందక్కా."

"రేపు నన్ను ఆడికి పిలుచుకపో."

మరునాడు ఆటోలో తీసుకుపోయాను. నర్సమ్మ చక్రాల కుర్చీ ఇచ్చింది. కొత్త బ్లాకు ముందు వాలు మీదుగా నేను అక్కను ముందు వాకిలి దాకా తోశాను. మేస్త్రి లోపల గోడకు పూత వేస్తున్నాడు. అక్క ఆయనను పిలిచింది.

"ఏమప్పా మేస్త్రీ, రోగం దాన్ని వచ్చినా. మిషన్ గది దాకా నన్ను పిలుచుకపో."

ఆయన చేతులు కడుక్కుని వచ్చి కుర్చీ పట్టుకున్నాడు. చక్రాలు గడపకు తగిలాయి. ఒక క్షణం ఆగి, కుర్చీని వెనక్కి వంచి, ముందు చక్రాలు ఎత్తి, బలమంతా పెట్టి దాటించాడు. అక్క రెండు చేతులతో కుర్చీ చేతులను గట్టిగా పట్టుకుంది. రెండో గడప దగ్గర మళ్ళీ అంతే. మూడోది దాటేసరికి అక్క ముఖం పాలిపోయింది, పెదవులు ఎండిపోయాయి. మేస్త్రి కుర్చీ ముందుకు వచ్చి ఆమె ముఖం చూశాడు.

"నీళ్ళు తెమ్మందునామ్మా?"

"తాగకూడదప్పా," అంది అక్క. కాసేపు ఊపిరి తీసుకుని, "ఈ పొద్దు ఎక్కించినావు. వారానికి మూడుతూర్లు ఎక్కిస్తావా?"

"ఎక్కిస్తా," అన్నాడు ఆయన.

"మొండోడివే. నన్నంటే ఎక్కిస్తావు. నా యెనక వచ్చేవాళ్ళను?"

ఆయన చూపు గడప మీదికి పోయింది. అక్క వంగి గడప మీది పద్మాన్ని వేలితో తడిమింది.

"శానా బాగా సేసినావు. దీన్ని పగలగొట్టమని నేను గూడా సెప్పను. పగలగొట్టేది ఎందుకు, లేపు. మా నాయన కట్టిన ఇల్లు రోడ్డు కింద పోయినబుడు మాయమ్మ ఏం సేసిందో వీణ్ణి అడుగు. గోడలు పోతే పోనీ అనింది. గడపను మాత్రం నిండుగా లేపించి, కడిగి, బండి మీద కొత్తింటికి తెచ్చుకొనింది. ఇప్పుటికీ మా వాకిట్లో అదే ఉండాది. గడప ఒక ఇంటి నుంచి ఇంగో ఇంటికి పోతే తప్పేముండాది?"

మేస్త్రి నా వైపు చూశాడు. నిజమేనని తల ఊపాను. రోజూ దాటే గడప అది. ఈ పని దగ్గర నాకు అది ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

"లేపుతా సరేమ్మా. లేపి యాడ పెట్టేది? సామాన్లలో పారేసేకి ఒప్పుకోను."

"ఈడ మనుషులు కాపురముండే తావు ఏది?"

ఆ ప్రశ్న ఆయనకు ముందు అర్థం కాలేదు. అక్క కిటికీలోంచి ఆవరణలోని షెడ్డు వైపు చూపించింది. రోగుల వెంట వచ్చినవాళ్ళు ఉండటానికి కట్టిన షెడ్డు. ఆడవాళ్ళకు ఒక గది, మగవాళ్ళకు ఒక గది, వండుకోవడానికి ఒకటి. మూడు వాకిళ్ళు.

"కర్నూల్లో సూస్తాండా కదా. మిషన్ మీద ఉన్నోళ్ళం నాలుగు గంటలుండి పోతాం. మా యెంట వచ్చినోళ్ళు సద్దిమూట ఇప్పుకునేది, పండుకునేది, ఏడ్సుకునేది బయటనే. వాళ్ళకు ఇల్లు అదే. గడప ఆడుండల్ల."

మేస్త్రి షెడ్డు దాకా పోయి జేనతో వాకిలి కొలుచుకుని తిరిగి వచ్చాడు. ముఖం మళ్ళీ చిన్నబోయింది. ఆసుపత్రి వాకిళ్ళు ట్రాలీ కోసం ఐదడుగులు. షెడ్డువి నాలుగున్నర. గడపలు అక్కడ పట్టవు.

"రెండు పక్కలా మూడేసి అంగుళాలు కోసేస్తే సరిపోతుంది," అన్నాను నేను.

ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "గడపను కోస్తామా ఏందప్పా? గోడను కోస్తా."

ఇంజనీరమ్మకు ఫోను చేశాం. ఆమె గడప కోసం గోడ కోయడం తన ఉద్యోగంలో ఎప్పుడూ వినలేదని చెప్పింది. ఆ సాయంత్రమే వచ్చి వాకిళ్ళ పైనున్న లింటెల్ దూలం రెండు వైపులా గోడ మీద ఎంత కూర్చుని ఉందో చూసింది. తొమ్మిది అంగుళాలు ఉంది. మూడు పోయినా ఆరు మిగులుతుంది. "సరే కానీండి. ఇంతకంటే ఒక్క అంగుళం ఎక్కువ కొయ్యొద్దు. అంచనాలో దీనికీ లెక్క లేదు మేస్త్రీ."

"నేనడిగినానా మేడం?" అన్నాడు ఆయన. చాలా రోజుల తర్వాత మేస్త్రి ముఖంలో నవ్వు కనిపించింది.

శుక్రవారం గడప కదిలించకూడదని, మంచి రోజు చూసుకుని ఆ తర్వాత వచ్చిన గురువారం పెట్టుకున్నారు. ఆ రోజుకు మిషన్ లేదు కాబట్టి అక్క కూడా వచ్చింది. కుర్చీలో కూర్చుని ఒడిలో పసుపు పళ్ళెం పెట్టుకుంది. ప్రతి గడపకూ పసుపు రాసి, "ఇంగో ఇంటికి పోతాండావు తల్లీ, కోపం సేసుకోవద్దు," అని చెప్పింది. మేస్త్రి దాని చుట్టూ నీళ్ళు పోసి నానబెట్టి, సన్న ఉలితో సిమెంటు తొలిచి, గోతాం పట్టాలు అడ్డం పెట్టి రెండు వైపులా పలుగులు దూర్చాడు. ముందు వాకిలిది నిండుగా లేచింది. కింద పెట్టిన నవధాన్యాలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. అక్క వాటిని కొంగులోకి తీసుకుంది. నడవాలోదీ లేచింది. నలుగురు మోసుకుపోయి షెడ్డు దగ్గర పెట్టారు.

డయాలసిస్ గదిది అన్నింటికంటే గట్టిగా కూర్చుంది. ఆ గది ముఖ్యమైనదని మేస్త్రి దానికి సిమెంటు ఎక్కువ పట్టించాడట. పలుగు మీద ముగ్గురు ఒరిగితే గానీ కదలలేదు. కదిలినప్పుడు చిన్నగా పటుక్కుమని శబ్దం వచ్చింది. ఒక మూల, పద్మం అవతల, అరచేతి అంత ముక్క విరిగి పడింది.

మేస్త్రి పలుగు వదిలేసి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "అందుకే నేను ముట్టుకోనంటి," అన్నాడు, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. ఆయన ఇక లేవడని నాకు అనిపించింది. మూడో గడప నేలలోంచి సగం లేచి అట్లాగే వంకరగా ఉంది. నెలాఖరు రెండు అడుగుల దూరంలో ఉంది.

అక్క కుర్చీని తనే చేతులతో తోసుకుంటూ ఆయన ముందుకు పోయింది. ఎడమ చేతి మీద నుంచి చీర కొంగు తీసి చూపించింది. మిషన్ సూదులు పొడిచీ పొడిచీ ఆ చెయ్యి మోచేతి కింద ముడులు ముడులుగా ఉబ్బి, నల్లగా కమిలి ఉంటుంది. బయటివాళ్ళకు ఆమె ఎప్పుడూ చూపించదు.

"ఇది సూడప్పా. సూసేకి బాగలేదు కదా. దీని మీదనే నేను బతికుండా. మూల ఇరిగితే ఏమాయె, అది ఇంగా గడపే."

మేస్త్రి ఆ చేతిని చాలాసేపు చూశాడు. తర్వాత లేచి, విరిగిన ముక్కను తువ్వాల్లో చుట్టి పక్కన పెట్టి, పలుగు అందుకున్నాడు.

సాయంత్రానికి మూడు వాకిళ్ళలోనూ నేల సమం చేశారు. గడపలు ఉన్న చోట కొత్త సిమెంటు మూడు పట్టీలుగా కనిపించింది. అది ఆరిన తర్వాత నర్సమ్మ ట్రాలీ తెచ్చి, దాని మీద మళ్ళీ ఒక మూట పెట్టి తోసింది. ముందు వాకిలి నుంచి డయాలసిస్ గది దాకా మూట కదలలేదు. ఇంజనీరమ్మ అక్కడే నిలబడి కాగితాల మీద సంతకం పెట్టింది. షెడ్డు దగ్గర మేస్త్రి గోడలు కోసి మూడు గడపలూ నిలబెట్టాడు. విరిగిన మూల గోడలోకి పోయేటట్టు పెట్టవచ్చు. ఆయన అట్లా పెట్టలేదు. ముక్కను అతికించి, అతుకు కనబడేటట్టే ఉంచాడు.

ఉగాది వచ్చింది. మిషన్లు రాలేదు. డబ్బు కదిలిందని, మిషన్లకు ఆర్డరు పోయిందని ఇంజనీరమ్మ ఫోనులో చెప్పింది. అవి వచ్చేసరికి ఇంకా కొన్ని వారాలు పట్టవచ్చు. అక్క ఉగాది పచ్చడి వేలి కొసతో నాలుకకు రాసుకుంది. ఆ రాత్రంతా నేను ఆమెకు ఏమి చెప్పాలా అని మాటలు కూర్చుకున్నాను. తెల్లవారుజామున లేచి చూస్తే ఆమె సంచి సర్దుకుని, చెప్పులు వేసుకుని వాకిట్లో కూర్చుని ఉంది.

"ఏమిరా, బస్సు పోతాండాది."

"ఉగాది అయిపోయింది కదక్కా," అన్నాను, నోరు జారి.

"అయితే? మిషన్లు దావలో ఉండాయంట కదా. అవి అంత దూరం నుంచి వస్తాంటే నేను ఇంట్లో కూర్చుంటానా? ఆటో పిలువు."

ఎండలు ముదిరాక మిషన్లు వచ్చాయి. ఐదు. కర్నూలులో పని నేర్చుకున్న ఒక అమ్మాయిని వాటి మీద వేశారు. మూడు రోజులు నీటి యంత్రాన్ని నడిపి, నీళ్ళు పరీక్షకు పంపి, సరిపోయాయని తేలాక మొదటి వరుసలో అక్కను పిలిచారు. ఐదు మంచాలు మా వైపు రోగులందరికీ చాలవు. కొందరు ఇప్పటికీ కర్నూలుకే పోతున్నారు. ఇంకో ఐదింటికి అడిగారని, అవి వస్తే పెట్టడానికే పక్క గది వదిలారని నర్సమ్మ చెప్పింది. ఆ పక్క గది నేల నేను చూశాను. ఐదు మంచాలు హాయిగా పడతాయి.

ఆ మొదటి రోజు శుక్రవారం అయింది. ఇంట్లో ఎండ వచ్చేదాకా పడుకుని, తీరిగ్గా తల దువ్వుకుని అక్క ఆటో ఎక్కింది. ఆసుపత్రి దగ్గర దిగి, లోపలికి పోకుండా నేరుగా షెడ్డు వైపు నడిచింది. కొంగులోంచి పసుపు పొట్లం తీసి, మూడు గడపలకూ రాసింది. వంటగది వాకిట్లో ఎవరో ఒకామె అప్పటికే పొయ్యి వెలిగించుకుని ఉంది. అక్క పని అయ్యేదాకా ఆమె గడప అవతలే ఆగి చూసింది.

తర్వాత అక్క చక్రాల కుర్చీలో కూర్చుంది. నర్సమ్మ తోసింది, నేను సంచి పట్టుకుని పక్కన నడిచాను. ముందు వాకిలి దగ్గర, గడప ఒకప్పుడు ఉన్న పట్టీ రాగానే, అక్క రెండు పాదాలూ తనకు తెలియకుండానే పైకి ఎత్తింది.

"ఈడ గడప లేదు పెద్దమ్మా," అని నర్సమ్మ నవ్వింది.

"తెలుసులేమ్మా. కాళ్ళకు తెలియల్ల కదా."

డయాలసిస్ గదిలో పడుకోబెట్టి, చెయ్యి చాపమన్నారు. సూది గుచ్చేముందు అక్క తల తిప్పి నన్ను పిలిచింది.

"ఒరేయ్, వచ్చే శుక్రవారానికి పసుపు ఇంగొంచెం ఎక్కువ కట్టమని మరదలికి సెప్పు. మూడో గడపకు సాల్లేదు."